చేతి ఉతుకు

వాషింగ్ మిషన్ దుకాణానికి వచ్చి నలభై రోజులయింది. ఒక్కరూ కొనలేదు.

హన్మకొండ చౌరస్తాలో కిషన్ రావుది రేడియోలు, ఫ్యాన్లు అమ్మే దుకాణం. బట్టలుతికే మిషన్ అంటే ఊరికింకా వింతే. అందులోనూ ఇది పేరున్న కంపెనీల ధరలో సగానికే వచ్చేది. దసరా లోపల ఒక్కటంటే ఒక్కటి అమ్మి చూపిస్తే జిల్లా మొత్తానికీ ఏజెన్సీ తనకే ఇస్తామన్నారు కంపెనీవాళ్లు. లేకపోతే మిషన్ వెనక్కి, ఏజెన్సీ ఇంకొకరికి. జిల్లా ఏజెంటు అనిపించుకోవాలని కిషన్ రావు ప్రాణం కొట్టుకుపోతోంది.

వచ్చేవాళ్లు వస్తున్నారు. మూత ఎత్తి తొంగిచూసి, ధర అడిగి, బల్బు కొనుక్కుని పోతున్నారు.

నిజంగా కొనే ముఖం ఒక్కటే కనిపించింది. కళ్లద్దాలు, ఇస్త్రీ మడత చెదరని చొక్కా, సైకిలు వెనక పెద్ద మూట.

"సగం ధరకే ఇస్తున్నరంటే ఏదో మతలబు ఉంటది సార్. బట్టలు నేనే తెచ్చిన. ఉతికి చూసినంకనే మాట," అన్నాడా పెద్దమనిషి. పేరడిగితే, "కొన్ననాడు రశీదు మీద రాద్దురు తియ్యుండ్రి," అన్నాడు.

కిషన్ రావుకు ఆ పద్ధతి నచ్చింది. డ్రమ్ములోంచి నీళ్లు పోయించాడు. సబ్బుపొడి తన చేత్తోనే వేసి మిషన్ తిప్పాడు. దుప్పట్లు, లంగాలు, లాల్చీలు, పిల్లల నిక్కర్లు గిరగిరా తిరిగాయి.

"ఇంట్ల చానమందే ఉన్నట్టున్నరు?"

"బట్టలకేం తక్కువ లేదు సార్."

పెద్దమనిషి ఒక్కో బట్టనూ పిండి, వెలుతురులో పట్టి చూశాడు. పెదవి విరిచాడు. "మెడపట్టీ మురికి పోలే. పసుపు మరక గట్లనే ఉన్నది. ఇంకోపారి తిప్పుండ్రి."

మళ్లీ తిప్పారు. తడిమూట సైకిలుకు కట్టుకుంటూ, "ఒక్కనాటితోటి ఏం తెలుస్తది? ఎల్లుండి మళ్ల వస్త," అన్నాడు.

అలా వారానికి మూడు మూటలు. నూలుబట్టకు ఎలా ఉంటుందో, టెర్లిన్‌కు ఎలా ఉంటుందో చూశారు. చన్నీళ్లతో చూశారు. కిషన్ రావు పొయ్యి పెట్టించి వేణ్నీళ్లు కూడా కాయించాడు. ప్రతిసారీ పెద్దమనిషి ఏదో వంక పెట్టేవాడు, ప్రతిసారీ కిషన్ రావు రెండోసారి తిప్పేవాడు. బట్ట గురించి ఇంత తెలిసిన గిరాకీని పుట్టి బుద్ధెరిగాక చూడలేదనుకున్నాడు.

అయితే ఆ వంకలు వినగా వినగా కిషన్ రావుకే అనుమానం పట్టుకుంది. ఇది నిజంగానే పనికిరాని మిషనా?

కిషన్ రావుకు తెల్లబట్టల పిచ్చి. లాల్చీ మీద చిన్న మచ్చ కనిపిస్తే ఆ పూట అన్నం సహించదు. ఇంటి బట్టలు ఉతికేది కొమురెల్లి. అతని భార్య పూలమ్మ వచ్చి పెరటి గుమ్మంలో మూట తీసుకుపోతుంది, ఉతికినవి మళ్లీ అక్కడే ఇచ్చిపోతుంది. కొమురెల్లిని కిషన్ రావు ఎన్నడూ చూడలేదు. అతని పనితనాన్ని మాత్రం రోజూ ఒంటిమీద వేసుకుంటాడు. ఈమధ్య అది మరీ మెరుస్తోంది.

ఆదివారం పొద్దున లాల్చీ తొడుక్కుంటూ భార్య సరస్వతిని పిలిచాడు.

"జర ఈ మెడపట్టీ చూడు. యాడనన్న నలుపున్నదా?"

"లేదు. కొమురెల్లి మంచిగ ఉతుకుతాండు."

"మిషన్ల ఏస్తే ఇంత తెలుపు వస్తదా?"

"నాకేమెరుక? అమ్మేది మీరే కద."

కిషన్ రావు ఆలోచనలో పడ్డాడు. తను మాత్రం మల్లెపువ్వులాంటి బట్ట కట్టుకుని, మురికి పోని మిషన్ను లోకానికి అంటగట్టడమా? పంపేస్తే ఏజెన్సీ చేజారుతుందని తెలుసు. అయినా తనకే నమ్మకం లేని వస్తువును అమ్మడం తనవల్ల కాదు. సోమవారం కంపెనీకి ఫోన్ చేసి తీసుకుపొమ్మన్నాడు. గురువారం లారీ వచ్చింది.

మిషన్ ఎక్కిస్తుండగానే సైకిలు ఆగింది. వెనక మూట.

"మిషన్ ఎటు పోతాంది సార్?" పెద్దమనిషి స్టాండు కూడా వెయ్యకుండా లారీ దగ్గరికొచ్చాడు.

"వాపస్ పంపుతాన అన్నా. మీరు చెప్పిందే బరాబర్. దీన్ని కొని మోసపోకుండ్రి."

"అయ్యో, గంత చెడ్డదేం కాదు సార్! రెండుసార్లు తిప్పితే మురికి మంచిగనే పోతది. జర ఆలోచించుండ్రి."

నెల రోజుల్లో ఆ నోట అదే మొదటి మంచిమాట. తనకు నష్టం వస్తుందని జాలిపడి అంటున్నాడనుకుని కిషన్ రావు కరిగిపోయాడు. తన లాల్చీ అంచు తీసి అతని చేతిలో పెట్టాడు.

"ఇది చూడుండ్రి. చేతి ఉతుకు. మా కొమురెల్లిది. ఏ మిషన్ ఉతుకుతదన్నా ఇట్ల?"

పెద్దమనిషి అంచు తిప్పి కుట్టు పక్కనున్న చాకలి గుర్తు చూశాడు.

"ఉతకదు సార్," అన్నాడు. తలవంచుకుని సైకిలు నడిపించుకుంటూ వెళ్లిపోయాడు.

ఏజెన్సీ పోయింది. అయినా కిషన్ రావు మనసు తేలిగ్గా ఉంది. ఒక మంచి గిరాకీని మోసపోకుండా కాపాడానన్న తృప్తి. సాయంత్రం ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కుని, రేపటికి లాల్చీ ఏదని అడిగాడు.

సరస్వతి పెరటి గుమ్మంలో ఉన్న మాసిన బట్టల మూట చూపించింది.

"పూలమ్మ ఉతకకుంటనే తెచ్చిచ్చింది, కొమురెల్లి నెల రోజుల సంది మన బట్టలు ఉతుకుతున్న మిషన్ను చౌరస్తల దుకాణపాయన ఇయ్యాల వాపస్ పంపిండట."