థోల్ అంటే

ఆఖరి రోజు మధ్యాహ్నం నర్సు సూదిమందు సిద్ధం చేసుకుని, "నొప్పిగా ఉందా అమ్మా?" అని నా భార్య ఎల్స్‌పెత్‌ను అడిగింది.

"థోల్ చేస్తున్నాలే."

నర్సు లండన్ పిల్ల. మా నార్తంబర్లాండ్ మాట తెలియక నావైపు చూసింది. "అంటే ఏంటండీ?"

ఎల్స్‌పెత్ నా మణికట్టు పట్టుకుంది. ఆ మందు పడితే నిద్రపోతుంది, మళ్ళీ లేవకపోవచ్చు. ఆమె చెల్లెలు ఇంకా రైల్లోనే ఉంది.

నేను అర్థం చెప్పలేదు. ఆ మాట పుట్టుక చెప్పాను. "వెయ్యేళ్ళ నాటి క్రియ. అందరూ మరిచిపోయినా మా గొర్రెల కాపరులు ఇంకా వాడుతూనే ఉన్నారు."

"మాస్టారు పాఠం మొదలెట్టాడు, పారిపో పిల్లా!" అంది ఎల్స్‌పెత్. నర్సు నవ్వుతూ సూది పక్కన పెట్టి, టీ పెట్టడానికి వెళ్ళింది. నా చేతిలో ఎల్స్‌పెత్ గోళ్ళు దిగాయి.

చీకటి పడుతుండగా చెల్లెలు వచ్చింది.

"ఇదేం అవతారమే అక్కా?"

"నీ టోపీ కన్నా నయమే."

ఇద్దరూ చాలాసేపు చేతులు పట్టుకుని కూర్చున్నారు. తరువాత ఎల్స్‌పెత్ నన్ను పిలిచింది. "ఇప్పుడు చెప్పు, ఆ పిల్లకి అర్థం."

"నోరెత్తకుండా నొప్పి ఓర్చుకోవడం," అన్నాను. నర్సు సూది అందుకుంది.

ఇవాళ ఖననం అయింది. రేపు పొద్దున మరదలిని రైలెక్కించి వచ్చి, ఇంటి తాళం నేనే తీసుకుంటాను; లోపలినుంచి తలుపు తీసేవాళ్ళు లేరు.