లోపలున్న అక్క

“నీకు ఆడపిల్ల పుట్టిందిరా. తల్లీబిడ్డా క్షేమం,” అంది అక్క, కిటికీ అవతలే నిలబడి. ఆమెకి జలుబు.

గడియారాల మెకానిక్ గదిలో ఒక్కడే నవ్వుకున్నాడు. అక్క తనకి కిడ్నీ ఇచ్చినప్పటినుంచీ అతనికి మనుషులంటే కిటికీలో కనిపించేవాళ్లే.

“రేపు వెళ్లి ఎత్తుకుంటానక్కా. కాన్పు ఇవాళో రేపో అన్నారుగా, అందుకే నిన్నటినుంచి మాత్రలు ఆపేశాను.”

“ఆపేశావా?”

“వాటివల్లేగా ఒంట్లో రోగాల్ని తట్టుకునే శక్తి తగ్గి, అడ్డమైన జబ్బూ అంటుకుంటుందని నన్నిలా కూర్చోబెట్టారు. రెండ్రోజులు మానేస్తే పిల్ల దగ్గరికి ధైర్యంగా వెళ్లొచ్చు కదా.”

అక్క చెయ్యి తన నడుం పక్కనున్న కుట్టు మీదికి పోయింది.

“ఓరి తెలివైనోడా, నీ ఒంటికి నేను పరాయిదాన్నిరా. ఆ మాత్రలు లేకపోతే నా కిడ్నీని మెడపట్టి గెంటేస్తుంది.”

ఆ మాత్రలు అందర్నీ దూరం చేశాయనే అనుకున్నాడతను ఇన్నాళ్లూ. ఒక మనిషిని లోపల ఉండనిచ్చింది కూడా అవేనని తోచలేదు.

వెంటనే డాక్టర్‌కి ఫోన్ చేశాడు. ఆయన చీవాట్లు పెట్టి, ఇప్పుడే మాత్ర వేసుకోమన్నాడు. అతను మాత్ర మింగి కిటికీ దగ్గరికొచ్చాడు.

“రేపు పొద్దున్నే రక్తపరీక్ష. ఆయన సరేనంటే, మాస్కు పెట్టుకుని పిల్లని గుమ్మంలోంచే చూసొస్తా.”

“జలుబు లేకపోతే నేనూ వద్దును.”

“నువ్వు ఇంట్లోనే ఉండక్కా. ఎలాగూ నాతోనే వస్తావుగా.”