తమ్ముడు ఎటు పక్క?

“పిన్నిగారూ, కాగితం తిరగేసి పట్టుకున్నారు,” అన్నాడు పళ్ల డాక్టరు.

పెద్దావిడ తల తిప్పలేదు. ఫొటోగ్రఫీ మాస్టారు అందరికీ పంచిన ఫొటో కాగితాన్ని అంచులు మాత్రమే తగిలేలా వేలి కొసలతో పట్టుకుంది. తెల్లటి వెనక వైపు తనకేసి తిప్పుకుని, బస్సు కిటికీలోంచి పడే ఎండకు ఎదురుగా పెట్టి చూస్తోంది.

“తెలుసు బాబూ. ఇటు నుంచి ఎలా ఉంటుందో చూద్దామని.”

“బొమ్మ అటు ఉంది. మీరు బస్సు దిగి కిటికీ అవతల నిలబడితే ఇంకా బాగా కనిపిస్తుంది.”

బస్సులో పన్నెండు మందీ నవ్వారు. ఆవిడా నవ్వింది. అందరి ఒళ్లోనూ బరువైన కెమెరా సంచులు. ఆవిడ దగ్గర ఉన్నది మేనకోడల్ని అడిగి తెచ్చుకున్న చిన్న కెమెరా. సీట్లు అయిపోయాయన్నా వినకుండా నాలుగుసార్లు ఫోన్ చేసి, నిలబడైనా వస్తానని మాస్టారిని ఒప్పించింది.

“ఇంతకీ మీరేం చేసేవారు?” అడిగాడు డాక్టరు, ఆవిడ గోళ్ల మీది గోధుమరంగు మరకలు చూస్తూ.

“ఎండ తగలని ఉద్యోగం. ముప్పై ఏళ్లు. అందుకే ఇప్పుడు ఎండ చూద్దామని బయల్దేరా.”

“గోదాములోనా?”

“అలాంటిదే అనుకోండి.”

బస్సు గెస్ట్‌హౌస్ ముందు ఆగింది. ఎదురుగా కొండ మంటలా ఉంది. కింద పసుపు, నడుమ నారింజ, పైన ఎరుపు. ఆ పైన రెండు శిఖరాలు. పొడుగుది అన్న, పొట్టిది తమ్ముడు. ఆకులు రాలే ముందు ఒక్క వారమే ఈ రంగులు. ఏటా ఆ వారం మాస్టారు ఇక్కడ ఫొటో పాఠాలు చెబుతారు. రెండు రోజులు పాఠం. మూడో రోజు మాత్రం వెతుకులాట.

“ఇది మా నాన్న తీసిన ఆఖరి ఫొటో,” అన్నారాయన కాగితం పైకెత్తి. “ఇక్కణ్ణుంచి ఇంటికి రాగానే జబ్బుపడ్డారు. ప్రింటు నేను తెచ్చేసరికి లేరు. ఫిల్ము ఆ ఏడాదే చెమ్మకు పాడైంది. ఆయన స్టాండు పెట్టిన చోట నిలబడి నేనూ ఒక్క ఫొటో తీయాలి. ఇరవై రెండేళ్లుగా ఆ చోటే దొరకడం లేదు.”

“ఎదురుగానే ఉన్నారుగా అన్నదమ్ములు,” అన్నాడు డాక్టరు.

“ఫొటోలో తమ్ముడు ఎడమ పక్క ఉన్నాడు చూడండి. ఇక్కడి నుంచి కుడి పక్క కనిపిస్తాడు. అంటే నాన్న కొండ వెనక నుంచి తీశారు. ముందు వైపు ఓ పెద్ద చెట్టు, రెండుగా చీలింది. అటంతా అడవి. ఎన్నని చూడను?” మాస్టారు మోకాలు రుద్దుకున్నారు. “డాక్టర్లు ఇంక ఎక్కొద్దన్నారు. ఇదే ఆఖరుసారి.”

మూడో రోజు పొద్దున్నే అందరూ కొండ వెనక్కి బయల్దేరారు.

“నేను ఎక్కలేను బాబూ. ఇక్కడే ఉంటా,” అంది పెద్దావిడ.

“మంచిది. గెస్ట్‌హౌస్‌ని నాలుగు వైపులా ఫొటోలు తీసిపెట్టండి. మళ్లీ కట్టాల్సి వస్తే పనికొస్తాయి,” అన్నాడు డాక్టరు.

మూడింటికి తిరిగొచ్చారు. చోటు దొరకలేదు. మాస్టారు మెట్ల మీద కూర్చుని బూట్లు విప్పబోయారు.

“విప్పకండి,” అంది పెద్దావిడ. ఆవిడ చీర అంచంతా బురద, జుట్టు నిండా ఎండుటాకులు. “ఒక్కసారి నాతో రండి. ఎక్కేది లేదు.”

“అమ్మా, నాకు ఓపిక లేదు.”

“ఇరవై రెండేళ్లు ఉన్న ఓపిక ఇరవై రెండు అడుగులకు లేదా?”

మాస్టారు లేచారు. అందరూ వెంట నడిచారు. వంటగది పక్కగా, కట్టెల కుప్ప దాటి, నీళ్ల ట్యాంకు వెనక్కి. అక్కడ తుప్పలు పక్కకు విరిచి ఉన్నాయి. లోపల ఒక చదును బండ. ఎదురుగా బోదె రెండుగా చీలిన చెట్టు, నిలువెల్లా ఎర్రగా.

“చెట్టు బాగానే ఉంది. కానీ తమ్ముడు...” అన్నారు మాస్టారు.

“కాగితం తీయండి. తిరగేసి ఎండకు పట్టుకోండి.”

ఈసారి ఎవరూ నవ్వలేదు. మాస్టారు కాగితం తిప్పి పట్టుకున్నారు. వెలుతురు బొమ్మను వెనక నుంచి వెలిగించింది. తమ్ముడి మీద తమ్ముడు, అన్న మీద అన్న, చీలిక మీద చీలిక కూర్చున్నాయి.

“అప్పటికి ఈ గెస్ట్‌హౌస్ లేదు,” అన్నారు మాస్టారు. “నాన్న అసలు కొండే ఎక్కలేదు.”

స్టాండు ఆయన తనే బిగించారు. తమ్ముడి మీదికి ఎండ వచ్చేదాకా ఆగి, ఒక్కటంటే ఒక్క ఫొటో తీశారు. పన్నెండు మందీ చప్పట్లు కొట్టారు. కట్టెల కోసం వచ్చిన వంటమనిషి ఎందుకో తెలియకపోయినా తనూ కొట్టాడు.

“అంటే ప్రింటు తీసినవాడు ఫిల్ము తిరగేసి పెట్టాడన్నమాట,” అన్నాడు డాక్టరు. “వాడి చేతులు విరగ. మిమ్మల్ని ఇన్నేళ్లు కొండలు పట్టించాడు.”

“తిట్టకండి,” అన్నారు మాస్టారు, కళ్లు తుడుచుకుని నవ్వుతూ. “వాడు సరిగ్గా తీసుంటే మొదటి ఏడాదే వచ్చి, ఫొటో తీసుకుని వెళ్లిపోయేవాణ్ణి. ఇంతమందికి పాఠం చెప్పేవాణ్ణా? ఈ కొండ నాకు ఇంత తెలిసేదా? వాడెవడో గానీ, కనిపిస్తే దణ్ణం పెడతాను.”

పెద్దావిడ మరకల వేళ్లను కొంగులో దాచుకోబోయి, ఆగి, బయటికి తీసింది.

“వాడు కాదు బాబూ, నేనే.”