కూచోబెట్టిన చదువు

“మీ ఆఫీసుకొచ్చిన ఫిర్యాదుల్లో ఏళ్ళ తరబడి తెమలనిది ఒకటి చెప్పండి సార్,” అంది హర్షిణి. ఎమ్మే పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ ప్రాజెక్టు కోసం ఏలూరులో ఆఫీసరు గారిని ఇంటర్వ్యూ చేస్తోంది.

“మా దగ్గర అలాంటివి ఉండవమ్మా,” అన్నారాయన హుందాగా.

“ఒకటుందండి,” అంది పక్క కుర్చీలోంచి అచ్చాయమ్మ.

హర్షిణి చటుక్కున అటు తిరిగింది. తోడుగా వస్తానన్న నాన్నమ్మ, లోపల నోరు విప్పనని బస్సులో ఒట్టు కూడా వేసింది.

“మా కొల్లేటి లంకకి వంతెన లేదండి. చేపలకి ఐసు కావాలన్నా పడవ మీదే తేవాలండి. ఊరు చేరేసరికి సగం నీళ్ళేనండి. రాసుకోవే హర్షిణీ!”

ఆఫీసరు గారు ఇబ్బందిగా నవ్వి, ఇద్దరికీ టీ తెప్పించి, “చూద్దామమ్మా,” అన్నారు.

గది బయటికొచ్చాక హర్షిణి టక్కున ఆగిపోయింది. తను బీఈడీ చేస్తానంటే, కాదు, ఆఫీసుల గురించి చెప్పే ఈ చదువే చదవాలని ఇంటిల్లిపాదితోనూ పోట్లాడింది ఈవిడే.

“నాన్నమ్మా, నన్ను ఎమ్మేలో చేర్పించింది ఇందుకా?”

“మరెందుకనుకున్నావ్? ఇన్నేళ్ళూ నన్ను గుమ్మం బయట నిలబెట్టి ‘చూద్దాం’ అనేవారు. ఇవాళ కూచోబెట్టి, టీ ఇచ్చి మరీ అన్నారు. చదువంటే మాటలా!”

హర్షిణికి నవ్వాగలేదు. “అప్పటికీ వంతెన రాకపోతే?”

అచ్చాయమ్మ తలుపు పక్కన విడిచిన చెప్పుల్లో నింపాదిగా కాళ్ళు దూర్చింది.

“మీ చెల్లి పింకీ ఉందిగా. దాన్ని లాయరు చదివిద్దాం.”