నల్లమ్మకు చలి

గూట్లో చెయ్యి పెట్టిన పూర్ణిమ గుండె ఝల్లుమంది.

అయిదు కోళ్లు ఒకదాన్నొకటి ఒరుసుకుని ఊకలో వెచ్చగా ముడుచుకున్నాయి. మూలన ఒంటరిగా పడుకునే నల్లమ్మ మాత్రం కట్టెలా బిగుసుకుపోయి ఉంది. పైన బల్బు వెలగడం లేదు.

కరెంటు ఉందా? ఉంది. వంటింట్లో ఫ్రిజ్ గుర్రుమంటూనే ఉంది. పరుగున వెళ్లి వరండాలో స్విచ్చుబోర్డు చూసింది. రాత్రి పడుకునే ముందు బాత్రూం లైటు అనుకుని తాను ఆర్పింది గూటి బల్బు! పెళ్లయి రెండు నెలలే. ఈ ఇంట్లో ఏ స్విచ్చు దేనిదో వేళ్లకింకా అలవాటు కాలేదు. మొన్న ఫ్యాననుకుని మోటారు వేస్తే భర్త వేణూ తనూ పొట్టలు పట్టుకుని నవ్వుకున్నారు. ఇప్పుడు నవ్వు రాలేదు.

కూతురు లత పురిటికి కోదాడ వెళ్తూ అత్తగారు కాటమ్మ ఆటో ఎక్కి కూడా మళ్లీ దిగొచ్చి మరీ చెప్పింది.

"గోనెపట్టా కిందిదాంక దించాలె. ఊక తడవనియ్యకు. బల్బు తెల్లారెదాంక ఆర్పొద్దు. తక్కినవి పోయినా పాయె గని, నల్లమ్మకేమన్న అయితే అవ్వ బతకది, యాదుంచుకో!"

అవ్వంటే వేణు నానమ్మ మైసమ్మ. ఎనభై దాటాయి. రెండు కళ్లకూ పొరలు. తాత పోయే ముందు నెలలో పిల్లగా తెచ్చి ఆమె ఒళ్లో పెట్టిన కోడి నల్లమ్మ. దానికిప్పుడు పన్నెండేళ్లట. నాటుకోడి అంతకాలం బతుకుతుందని పూర్ణిమ చదివిన బీయస్సీ జువాలజీలో ఎక్కడా లేదు. కొత్త కోడలు పాఠాలు చెప్తే బాగుండదని ఊరుకుంది. రోజూ ఎండ మంచం మీదికి రాగానే అవ్వ దాన్ని ఒళ్లో పెట్టుకుని, "నువ్వున్నన్ని దినాలు నేనుంటనే" అంటుంటే పూర్ణిమకు ఎంత ముద్దొచ్చేదో! ఇవాళ అదే మాట గుర్తొచ్చి అంత చలిలోనూ చెమట పట్టింది.

"పిల్లా! నల్లమ్మ ఏదే?" లోపల్నుంచి అవ్వ కేక.

"పండుకున్నది అవ్వా! ఎండొచ్చినంక తెస్త."

"గొంతేంది, గట్లున్నది?"

"జలుబు!"

పెరట్లోకి పోయి వేణుకు ఫోన్ చేసింది. వాడపల్లి సిమెంటు ఫ్యాక్టరీలో పొద్దుటి డ్యూటీ.

"చచ్చిపోయింది వేణూ!"

"ఎవలు?!"

"నల్లమ్మ. నేనే సంపిన."

మిషన్ల చప్పుడు మీదుగా వేణు గొంతు పెంచాడు. "అమ్మ మధ్యాన్నం దిగుతది గదా..."

"నాకు తెల్వదా? ఏంజెయ్యాలె చెప్పు!"

"మార్కెట్ల గసొంటిదే ఇంకోటి దొరుకుతదేమో సూడరాదు..."

చచ్చినదాన్ని గూటి వెనక గోనె కింద దాచి, పాల ప్యాకెట్టు తెస్తానని అవ్వకు చెప్పి స్కూటీ తీసింది. మిర్యాలగూడ మార్కెట్లో మూడు దుకాణాలు తిరిగినా అన్నీ తెల్ల బాయిలర్ కోళ్లే. చివరికి ఒక మూల వెదురుగంపల మధ్య బీడీ కాలుస్తున్న ముసలాయన కనిపించాడు. పేరు ఫకీరా.

"నల్లది కావాలె తాతా. మెడ సుట్టూ ఎర్ర ఈకలుండాలె."

ఫకీరా ఆమె మెళ్లో పచ్చగా మెరుస్తున్న పసుపుతాడు చూసి, "కొత్త కోడలివా బిడ్డా?" అన్నాడు. గంప ఎత్తి ఒకదాన్ని బయటికి లాగాడు. అచ్చం నల్లమ్మే! పూర్ణిమకు ఆయన కాళ్లు మొక్కాలనిపించింది. అంతలో ఆయన కత్తెర తీసి కోడి కుడిరెక్క చివర టకటకా కత్తిరించేశాడు.

"అయ్యో, గదెందుకు?"

"గోడ దుంకకుండ. నాలుగే ఈకలు, గిట్ల ఏటవాలుగ. సుట్టుపక్కల ఎవ్వలు పట్టుకున్నా ఫకీరా కోడని చెప్తరు!"

పూర్ణిమ ప్రాణం మళ్లీ ఉసూరుమంది. అవ్వకు కళ్లు కనబడవు సరే. అత్తమ్మకు?

ఇంటికొచ్చేసరికి ఎండ మంచం కోడును తాకింది. కోడిని సంచీలోంచి తీసిందో లేదో గేటు ముందు ఆటో ఆగింది. మధ్యాహ్నం రావాల్సిన కాటమ్మ పొద్దుటి బస్సుకే వచ్చేసింది!

కోడిని అందుకుంది కాటమ్మ. మెడ చూసింది. కుడిరెక్క విప్పి చూసింది.

"అత్తమ్మా... స్విచ్చు... నేను బాత్రూందనుకొని..." పూర్ణిమకు ఏడుపు ముంచుకొచ్చింది.

కాటమ్మ ఆమె రెక్క పట్టి గూటి వెనక్కి లాక్కెళ్లింది.

"ఏడ్వకు. అవ్వ ఇంటది," అని గుసగుసగా అంది. "నేను మూడుసార్లు తెచ్చిన."

"ఆఁ?"

"ఒకసారి కుక్క పట్టె. ఒకసారి తెగులొచ్చె. ఇంకోసారి నీ లెక్కనే, సలి. ప్రతిసారి గీ ముసలామె ఏడ గుర్తువడ్తదో, ఏడ పానం ఇడుస్తదో అని గజగజ వణుక్కుంటనే ఒళ్ల వెట్టిన."

రెండు నెలలుగా పూర్ణిమ విన్న గద్దింపులన్నీ భయమేనా!

"గుప్పెడు నూకలు పట్టు. ముందల నూకలుంటే కొత్త చేతులకు కొట్టుకోదు. జల్ది పా!"

ఇద్దరూ మంచం దగ్గరికి వెళ్లారు. కాటమ్మ కోడిని అత్త ఒళ్లో పెట్టింది. పూర్ణిమ దాని ముందు నూకలు చల్లింది.

"వచ్చినవా కాటమ్మా? లత, పిల్లగాడు మంచిగున్నరా?"

"మంచిగున్నరత్తా."

అవ్వ వేళ్లు కోడి జుట్టు మీంచి మెడకు, మెడ మీంచి వీపుకు జారాయి. కుడిరెక్క చివర ఆగాయి. అక్కడే ఉండిపోయాయి. కాటమ్మ పూర్ణిమ మణికట్టు గట్టిగా పట్టుకుంది. ఆ చెయ్యి మంచుగడ్డలా ఉంది.

అవ్వ శాలువ తీసి కోడి మీద కప్పింది. వాళ్లిద్దరి వైపూ మొహం తిప్పి, బోసినోటితో నవ్వింది.

"ఫకీరా మంచిగున్నడా?"