మేకలు కాసే రోబో

“ఈ సినిమావాళ్ళ చేతులు పడిపోను! రోబోని చంపేశారేంటి? పుస్తకంలో అది భూమికి తిరిగొచ్చి మేకల్ని కాస్తుందిగా!” నాయనమ్మ టీవీ మీద విరుచుకుపడింది.

పుస్తకంలో అక్షరాలు ఆనని ఆమెకు అంతరిక్షం కథలన్నీ చదివి వినిపించేది నేనే. టీవీ కట్టేద్దామని గబుక్కున రిమోట్ అందుకున్నాను.

“పుస్తకంలోనూ చస్తుంది నాయనమ్మా. అందులో మేకలే లేవు,” అన్నాడు అన్నయ్య.

నాయనమ్మ నావైపు తిరిగింది. “మరి మేకలెక్కడివే?”

“రోబో చస్తే నువ్వు ఏడుస్తావని... నేనే కల్పించాను.”

ఇక నాతో పుస్తకాలు చదివించుకోదనుకున్నాను.

“అయితే ఆ పుస్తకం రాసినాయనకీ బుద్ధి లేదన్నమాట,” అంది నాయనమ్మ, మంచం మీద నాకు చోటిస్తూ. “ఇలా రా. తర్వాత ఆ మేకలు ఈనాయా?”

“ఈనాయి,” అన్నాను, అన్నయ్యకు కూడా వినపడేలా. “పిల్లలకి రోబోయే పేర్లు పెట్టింది.”