ఏడుపు రాని ఆఖరి పాట

"ఏడవరా బాబూ! మన మొదటి ఆల్బమ్‌లో ఆఖరి పాట, సాయంత్రానికి పంపాలి. పిల్ల వదిలేసి పోయిందని ఏడ్చే పాటని పెళ్లిపాటలా పాడతావేంటి?" అని డ్రమ్మర్ ఒడెల్ మొత్తుకున్నాడు.

ఒడెల్ వాళ్లమ్మ ఇంటి బేస్‌మెంట్‌లో, వాషింగ్ మెషిన్ పక్కన, మైకు ముందు మా ఆయన గార్విన్ నన్నే చూసి నవ్వుతున్నాడు. మా పెళ్లయి వారమే.

"మార్నీ తల్లీ, నువ్వే దిక్కు. ఒక్క పాట సేపు వాణ్ణి వదిలెయ్!" అని ఒడెల్ నన్ను బతిమాలాడు.

రికార్డింగ్ మొదలవగానే కోటు తొడుక్కున్నాను. "మిల్వాకీలో మా అమ్మ దగ్గరికి పోతున్నా. నెలదాకా రాను."

గార్విన్ గోడలదిరేలా ఏడుస్తూ పాడాడు. నేను మెట్లెక్కుతుంటే, "ఆగు, నేనూ వస్తా!" అని మైకులోనే అరిచాడు.

"పాడైందా? మళ్లీ పాడిద్దామా?" అన్నాను, వెనక్కి దిగొచ్చి కోటు విప్పుతూ.

"వద్దు, ఉండనీ," అన్నాడు ఒడెల్, ముక్కు చీదుకుంటూ. "నాకు ఏడుపొచ్చింది అక్కడే."